దూదికి అంటని రంగు

"చాలు సర్, చర్మం లేచిపోతోంది," అంటూ జ్ఞానప్రసూన ఆ ముసలాయన చేతిలోంచి దూది లాక్కుంది.

గాబోర్ ఇంకో దూది ఉండ తీసుకుని, క్రీములో ముంచి, అద్దంలోకి చూస్తూ మళ్ళీ నుదురు రుద్దుకోసాగాడు. హెర్న్‌డన్ ఊళ్ళోని ఆ వృద్ధుల హోమ్‌లో రోజూ సాయంత్రం ఇదే తంతు.

"ఇలాగే చేస్తే చేతులకి గ్లవ్స్ తొడిగి కట్టేయమన్నారు డాక్టర్," అంది జ్ఞానప్రసూన, ఆయన్ని చూడవచ్చిన కూతురు ఇలోనాతో. పదకొండేళ్ళ నర్సు ఉద్యోగంలో ఇలాంటి మాట చెప్పేటప్పుడు గొంతు వణకడం ఎప్పుడో మానేసింది.

ఇలోనా తండ్రిని చూస్తూ చెప్పింది.

"నాన్న హంగరీలో ఒపెరా నాటకాల్లో పాడేవారు. బేస్ వాయిస్, బాగా లోతైన గొంతు కదా, అన్నీ ముసలి రాజుల వేషాలే. ఇక్కడికొచ్చాకా అంతే. ప్రియుడి వేషం ఒక్కసారీ రాలేదు. పాతికేళ్ళకే మొహం నిండా ముడతలు గీసేవారట. ఆట అయ్యాక ఇలాగే క్రీముతో తుడుచుకుని ఇంటికొచ్చేవారు."

జ్ఞానప్రసూన చేతిలోని దూది వంక చూసింది. దానికి రంగేమీ అంటలేదు.

కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది.

"అప్పుడే తుడిచేయకండి సర్. ఇంకో ఆట ఉంది."

గాబోర్ చెయ్యి ఆగింది. దూది కింద పెట్టి, నడుం నిటారుగా చేసుకున్నాడు.

"మళ్ళీ ముసలాడి వేషమేనా?" ఆ గొంతుకి బల్ల మీది గ్లాసు సన్నగా అదిరింది.

"అవును సర్."

"సరే. ఇదొక్కటీ అయితే ఇంటికెళ్ళిపోతాను."

జ్ఞానప్రసూన క్రీము డబ్బా మూత బిగించింది.