రెండో షిఫ్టు

బోర్డుల మాస్టారికి జీతం పెరిగింది. ఇంటికి చేరేదాకా కూడా ఆగలేక, వీధి మలుపు నుంచే ఎదురైన వాళ్లందరికీ చెప్పుకుంటూ వచ్చాడు.

ఏడాది క్రితం ఆయన్ని చూసినవాళ్లు ఇప్పుడు చూస్తే నమ్మరు. ఒకప్పుడు ఊళ్లో సగం దుకాణాల పేర్లు ఆయన చేత్తో రాసినవే. తర్వాత అచ్చు యంత్రాలొచ్చాయి. గంటలో గోడంత బోర్డు తయారైపోతుంటే, మూడు రోజులు కూర్చుని రాసే మనిషిని ఎవరు పిలుస్తారు? కుంచెలు ఎండిపోయాయి. గడ్డం మాసింది. పగలంతా గోడవైపు తిరిగి పడుకునేవాడు. పెళ్లాం సంపాదన గొంతు దిగడం లేదని కంచం తోసేసేవాడు. ఒకరోజు మేడ మీద పిట్టగోడ ఎక్కి నిలబడ్డాడు. భార్య చూసి, కాళ్లు పట్టుకుని కిందికి దింపింది.

పది రోజులు తిరక్కుండా, ఫొటోలకు ఫ్రేములు కట్టే దుకాణం యజమాని ఇంటికొచ్చాడు. చేతిరాతకు మళ్లీ గిరాకీ వస్తోందనీ, నెలజీతం మీద పెట్టుకుంటాననీ అన్నాడు.

అంతే, మనిషి లేచి కూర్చున్నాడు. రోజూ ఇస్త్రీ చొక్కా, చేతిలో క్యారేజీ, తొమ్మిది కొట్టేసరికి దుకాణంలో ఉండేవాడు. సాయంత్రం గోళ్లలో రంగుతో వచ్చి, ఆ రోజు ఏ అక్షరం ఎలా తిరిగిందో తల్లికి వర్ణించి చెప్పేవాడు. స్నానాల గదిలోంచి కూనిరాగాలు కూడా వినిపించసాగాయి.

ఇటు భార్య తీరే అర్థం కాకుండా పోయింది. హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీలో ఆమె పగటి షిఫ్టు చేసేది. భర్త ఉద్యోగంలో చేరిన నెలలోనే సాయంత్రం షిఫ్టు కూడా ఒప్పుకుంది. ఆవిరికి చేతులు మోచేతుల దాకా కమిలిపోయాయి. ఆదివారం కూడా వదిలేది కాదు.

ఇద్దరూ సంపాదిస్తుంటే ఇంకా దేనికి ఈ పరుగని అత్తగారు మొదట్లో నెమ్మదిగానే అడిగింది. జవాబు రాకపోయేసరికి, కోడలికి డబ్బు రుచి మరిగిందని ఇరుగుపొరుగుతో అనడం మొదలెట్టింది. కోడలు విననట్టే లాండ్రీకి బయల్దేరేది.

జీతం పెంచమని అడుగుతానని మాస్టారు చెప్పినప్పుడు కూడా ఆమె సంతోషించలేదు. ఇప్పుడే వద్దంది. ఆయన చిన్నబుచ్చుకున్నాడు. అయినా ఇవాళ అడగనే అడిగాడు. యజమాని కాసేపు తల గోక్కుని, చివరికి సరేనన్నాడు.

ఆ సంబరంలో ఆయన భార్యను పక్కన కూర్చోబెట్టుకున్నాడు. కమిలిన చేతుల్ని తన చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఇక సాయంత్రం షిఫ్టు మానెయ్. దార్లో ఆగి మీ సూపర్‌వైజరుకు చెప్పేసి వచ్చాను."

ఆమె చేతులు వెనక్కి లాక్కుంది. "నన్నడక్కుండా ఎందుకు చెప్పారండీ?"

"అడిగితే ఒప్పుకుంటావా? మనకేం తక్కువ చెప్పు. నచ్చిన పని చేసుకుంటున్నాను. తిన్నది ఒంటికి పడుతోంది, పడుకుంటే నిద్రొస్తోంది. నేను రాజాలా ఉన్నాను. నీకే తృప్తి లేదు."

ఆమె ఇంకొన్నాళ్లు చేస్తానని మాత్రం అంది.

"అంటే నా సంపాదన మీద నీకు నమ్మకం లేదన్నమాట."

ఆ గొంతు ఏడాది క్రితంది. ఆమె వెంటనే తలూపింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి సూపర్‌వైజరును కాళ్లావేళ్లా పడి బతిమాలింది. సాయంత్రం షిఫ్టులో ఆమె చోటు అప్పటికే ఇంకొకరికి ఇచ్చేశారు. మిగిలింది బాయిలరు దగ్గర పనొక్కటే. అక్కడ మగవాళ్లే నెల నిలవరు. ఆమె చేస్తానంది. ఇంట్లో ఏం అబద్ధం చెప్పాలో ఆలోచించే ఓపిక కూడా లేకపోయింది.

అక్కణ్నుంచి ఫ్రేముల దుకాణానికి నడిచింది. మాస్టారు రావడానికి ఇంకా అరగంట ఉంది. యజమాని ఆమెను చూడగానే తప్పు చేసినవాడిలా బయటికొచ్చాడు.

"ఆయన అలా ఎదురుగా నిలబడి అడుగుతుంటే కాదనలేకపోయానమ్మా."

"పర్లేదులే అన్నయ్యా" అని, పెరిగినదానితో సహా ఆమె తన భర్త ఈ నెల జీతం యజమాని చేతిలో పెట్టింది.