దేవుడు లేని మధ్యాహ్నం

"ఆ మిషను కట్టెయ్యండి ఫాదర్. దేవుడు చచ్చిపోయిన రోజిది," అంది మా వంటమనిషి సలూద్ పెద్దమ్మ.

మా ఫిలిప్పీన్స్‌లోని సెబూలో గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం మూడు దాటితే పెద్దవాళ్లు స్నానం చెయ్యరు, సుత్తి ముట్టరు. ఆదివారం ఆయన మళ్లీ లేచేదాకా మొర వినే నాథుడుండడని వాళ్ల నమ్మకం.

కాలేజీలో ఫిజిక్స్ చెప్పే ఫాదర్ని కదా, నాకు నవ్వొచ్చింది. డాబా మీది యాంటెన్నా పట్టే హోరుని వినిపించే ఆ మిషను హెడ్‌ఫోన్లు ఆమె చెవులకి తగిలించాను.

"సృష్టి తొలినాటి వెలుగు ఈ హోరులో కలిసుంది పెద్దమ్మా. ఇన్ని కోట్ల ఏళ్లలో క్షణం కూడా ఆగలేదు."

"గుడ్ ఫ్రైడే నాడు కూడానా?"

"ఏనాడూ ఆగలేదు. పైవాడు చెవులు మూసుకునే రోజంటూ లేదు," అన్నాను, గెలిచినట్టు.

సలూద్ హెడ్‌ఫోన్లు తీసి మెల్లగా బల్లమీద పెట్టింది.

"నిరుడు గుడ్ ఫ్రైడే నాడు, ఇదే వేళకి, జ్వరంతో నా కూతురు నా ఒళ్లోనే పోయింది. గొంతు పోయేదాకా దేవుణ్ణి పిలిచాను. పాపం, ఆయనే చచ్చిపోయి ఉన్నాడు, ఎలా వింటాడులే అని ఏడాదిగా ఆయన్ని ఏమీ అనలేదు."

గబగబా మిషను కట్టేశాను.

"అయితే విన్నాడన్నమాట," అంది.