కణి ముందు పుసి కళ్ళు

"ముందుకు రావద్దన్నానా? వెనకే ఉండు," అంది కార్త్యాయనమ్మ మంచం మీద లేచి కూర్చుంటూ.

కోడలు ఓమన గబుక్కున తలవైపు జరిగింది. ఎక్కడుంటేనేం, అత్తకు కనిపించదు. రాత్రి కారిన పుసి ఎండి రెప్పలు రెండూ అతుక్కుపోయి ఉన్నాయి. రోజూ ఇంతే. పొద్దున్నే గోరువెచ్చటి నీళ్ళలో దూది ముంచి ఓమనే తుడుస్తుంది. కానీ ఇవాళ విషు, కొత్త ఏడాది పండగ. కళ్ళు తెరవగానే దేవుడి ముందు శుభవస్తువులతో పేర్చిన కణి తప్ప ఇంకోటి కనపడకూడదు. ఆ మొదటి చూపు ఎలాంటిదైతే ఏడాదీ అలాంటిదే.

"పోయిన విషుకి ముందు ఏం చూశాను?"

"నా మొహం."

"ఏమైంది?"

"ఆవు చచ్చిపోయింది," అంది ఓమన. ఏడాదిగా అప్పజెబుతున్న పాఠమే. ఇంకో ఏడాది ఈ పాఠం తన వల్ల కాదు.

తడిమి చూసి, "ఇవాళ పుసి గట్టిగా పట్టిందమ్మా," అంది.

"పండగ పూట ఆ మాటేంటే? నిద్రమైనం అను."

"మా పుట్టింట్లో నిద్రపిట్ట రెట్ట అంటారు."

"మీ పుట్టింట్లో అన్నీ అంతే."

భుజాలు పట్టుకుని దేవుడి గదిలోకి నడిపించింది. దీపం అప్పటికే వెలిగించి ఉంది. వెడల్పాటి కంచు ఉరుళిలో బియ్యం, పండు దోసకాయ, రేల పూల గుత్తులు, చిన్న కృష్ణుడు. నిన్న ఓమనను గదిలోంచి పొమ్మని ముసలామె ఒక్కతే పేర్చింది. ఎప్పుడూ నిటారుగా నిలబెట్టే అద్దం ఈసారి కాస్త వెనక్కి వాలి ఉంది. పాపం, చూపు ఆనక అలా పెట్టిందనుకుంది ఓమన. పేర్చిన కణిని కదపకూడదు గనక ఊరుకుంది.

అత్తను పీట మీద కూర్చోబెట్టి, వెనక మోకాళ్ళ మీద నిలబడి, రెండు పక్కల నుంచీ చేతులు చాచి తడి దూది అద్దింది.

"మెల్లగా. రెప్పలు ఊడొచ్చేట్టున్నాయి."

"ఊడొస్తే మళ్ళీ అతికిస్తాలెండి. ఊఁ, ఇప్పుడు తెరవండి."

ఎడమ కన్ను విడింది. తర్వాత కుడిది. ముసలామె చూపు ఒక్కచోటే నిలిచింది. ఎటు చూస్తోందోనని ఓమన కూడా అటే చూసింది.

పచ్చటి పూల మధ్య, అద్దంలో, రేగిన జుట్టుతో తన మొహం.

ఓమన గబుక్కున అద్దం తిప్పేద్దామని చెయ్యి చాచింది.

కార్త్యాయనమ్మ ఆ చెయ్యి పట్టుకుంది.

"ముందు నీ కంట్లో పుసి తుడుచుకో. అద్దం మాత్రం కదపకు. నీ మొహం పడేలా దాన్ని వంచడానికి నిన్న సాయంత్రమంతా పట్టింది నాకు."