నిరుటి పెట్రోలు

“అది పారబొయ్యకు ఎల్డన్! ఉండనీ, దేనికో దానికి పనికొస్తుంది,” అంది లవాన్, షెడ్డు గుమ్మంలో కాఫీ కప్పుతో నిలబడి.

ఎల్డన్ చేతిలో ఉన్నది నిరుడు ఆమె గడ్డి కోసే మోవర్‌లోంచి తనే తీసిన పెట్రోలు డబ్బా. మూత తీయగానే కంపు గుప్పుమంది.

“ఇంకేం పనికొస్తుంది? పాడైపోయింది. ఏ ఇంజన్లో పోసినా మొరాయిస్తుంది.”

“ఉండనీవయ్యా!”

పొదుపు మనిషి అనుకుని డబ్బాను మళ్లీ బల్ల కింద పెట్టాడు. భార్య పోయిన ఎల్డన్ ఇంటికీ, భర్త పోయిన లవాన్ ఇంటికీ మధ్య కంచె కూడా లేదు, గడ్డే ఉంది. ఏటా అక్టోబరులో, మినసోటా మంచు మొదలవకముందే, ఆమె మోవర్‌ని చలికాలానికి సిద్ధం చేసి పెట్టేది అతనే. ఆయిల్ మారుస్తాడు, అడుగున ఎండిన గడ్డి గీకుతాడు, బ్లేడుకి పదును పెడతాడు, ట్యాంకు ఖాళీ చేసి ఇంజన్ దానంతటది ఆగేదాకా నడుపుతాడు. మేలో తాడు పట్టి లాగితే ఒక్క లాగుకే స్టార్టవుతుంది.

అదే అతని ఖర్మ. ఒక్క లాగుకే స్టార్టయ్యే మోవర్ కోసం ఎవరూ ఎవర్నీ పిలవరు.

“నీ మంచు తోసే మిషను సంగతేంటి?” అన్నాడు ఏమీ ఎరగనట్టు.

“దానికి వెర్లిన్ ఉన్నాడుగా. ఏప్రిల్లోనే అంతా చూసి మూసి పెట్టాడు.”

“చూశాళ్లే! ఏటా మొదటి మంచుకే ఆగిపోతుందిగా. ఇక ఎదురింటి నుంచి వాడు రావడం, నువ్వు మాంసం, బంగాళదుంపలతో హాట్‌డిష్ వండి పెట్టడం!”

“పాపం, అంత చలిలో పని చేస్తాడు. వేడివేడిగా ఏదైనా పెట్టొద్దూ?”

ఎల్డన్‌కి కడుపు మండిపోయింది. చేతకానివాడికి విందు భోజనం, చేతనైనవాడికి ఉత్త కాఫీ! నిరుడు డిసెంబరంతా కిటికీ దగ్గరే నిలబడి, వెర్లిన్ విప్పిన బూట్లు ఆమె గుమ్మంలో ఎంతసేపు ఉన్నాయో చూస్తూ గడిపాడు.

ఆమె లోపలికి వెళ్లగానే అతను జన్మలో చేయని పని చేశాడు. ట్యాంకులో పెట్రోలు తీయలేదు. అలాగే మూత బిగించి మోవర్ మీద గుడ్డ కప్పేశాడు. చలికాలమంతా పాడవనీ, మేలో నన్నే పిలుస్తుంది అనుకున్నాడు. చేతులు కడుక్కుంటుంటే మాత్రం దొంగతనం చేసినట్టే అనిపించింది.

మొదటి మంచు పడింది. లవాన్ మిషను మొరాయించింది. వెర్లిన్ వచ్చాడు, బూట్లు విప్పాడు. ఎల్డన్ పళ్లు నూరుకుంటూ మే నెల కోసం ఎదురుచూశాడు.

మేలో ఓ పొద్దున ఉతికిన చొక్కా వేసుకుని ఫోను పక్కనే కూర్చున్నాడు. బయట మోవర్ బుర్రుమంది. ఒక్క లాగుకే.

గడ్డి మీద పరుగెత్తాడు. “నా మోవర్ వెర్లిన్ ముట్టుకున్నాడా?”

లవాన్ ఇంజన్ ఆపింది. “వెర్లినెందుకు ముట్టుకుంటాడు? నువ్వు ట్యాంకు ఖాళీ చేయడం మర్చిపోయావు. మర్నాడే నేను చేసేశాను.”

“నువ్వా? నీకొచ్చా?”

“మా నాన్నది ఇంజన్ల రిపేరు షాపు. పెళ్లయ్యేదాకా నా పని అదే. నువ్వు ముచ్చటపడి చేస్తావని ఊరుకుంటాను గానీ.”

ఎల్డన్ ఆమె షెడ్డు వైపు చూశాడు.

“మరి ఆ మంచు మిషను ఏటా ఎందుకు ఆగిపోతుంది?”

లవాన్ చెవుల దాకా ఎర్రబడింది. వెర్లిన్ ఇంటివైపు ఓసారి చూసి, గొంతు తగ్గించింది.

“ఆ పాత పెట్రోలు దాన్లోనే పోస్తాను.”