పక్క సీటు మస్తాన్

హైమావతి ఒక కంపెనీ తరఫున ఇంట్లోనే కూర్చుని షేర్లు కొని అమ్మేది. కంపెనీ ఇచ్చిన మాయా కళ్ళద్దాలు పెట్టుకుంటే చాలు, ఆఫీసంతా ఆమె వంటింటి పక్క గదిలోకి వచ్చేసేది. మార్కెట్ పడిపోయిన రోజుల్లో పక్క సీటు మస్తానే ఆరేళ్ళుగా ఆమెకు ధైర్యం చెప్పేవాడు. ఒకసారి గుంటూరు వెళ్ళినప్పుడు, నేరుగా చూద్దామని అతని ఇంటి తలుపు తట్టింది.

“ఆయన పోయి ఎనిమిది నెలలైందమ్మా,” అంది అతని భార్య జైబున్.

“నిన్న కూడా మాట్లాడాడే!”

మనిషి పోయినా అతని రూపాన్నీ గొంతునీ కంపెనీ కంప్యూటర్‌తో నడిపిస్తూ ఆ సీట్లోనే ఉంచేసిందని హైమావతికి అప్పుడర్థమైంది.

“ఒక్కసారి నాకు చూపించమ్మా,” అని జైబున్ ఆమె చెయ్యి పట్టుకుంది.

హైమావతి సంచిలోంచి ఆఫీసు కళ్ళద్దాలు తీసి ఆమెకు పెట్టింది. “ఏమండీ...” అని పిలిచింది జైబున్. అద్దాల్లోంచి మస్తాన్ గొంతు మర్యాదగా పలికింది.

“కొత్తగా చేరారా మేడం?”

జైబున్ చెంపల మీదుగా నీళ్ళు జారాయి.

“అవునండీ. ఇవాళే చేరాను,” అంది.