ఆరని గచ్చు

కలకత్తా పక్కన సంత్రాగాఛిలో మామ్మ ఉన్న రైల్వే క్వార్టర్ కూల్చకముందే ఝాన్సీ ఆ ఇంటి వంటగది నేలలోని ఒక రాతిపలకని ఫోటో తీసుకుంది. 2006 వానాకాలం అది. భవానీపూర్ ఆఫీసులో అందరూ వెళ్ళిపోయాక, చీకటిపడ్డ వేళ, ఆ రాతిపలకనే ఫోటోషాప్‌లో శుభ్రం చేస్తోంది. ఎవరో బిల్డరు కట్టబోయే ఫ్లాట్ల బొమ్మల్లో నేలంతా దాన్నే పరచాలి. ఒక్క మరక మిగిలినా ప్రతి పలకలోనూ అదే కనిపించి అతుకులు తెలిసిపోతాయి. అందుకని మామ్మ అల్లం దంచిన గుంటనీ, పసుపు మరకనీ చెరిపేసింది. మామ్మ పోయి ఆరేళ్ళయింది.

పలకని నాలుగు వరసలుగా పరిచి చూసింది. అన్నీ ఒకేలా ఉండాలి. పైవరసలో ఒక్కదాని మీద మాత్రం తడి కుడిపాదం ముద్ర ఉంది. చిటికెన వేలు లేదు. చెరిపింది. రెండో వరసలో తేలింది. వేళ్ళు తన వైపే ఉన్నాయి.

ఝాన్సీ అమ్మకి ఫోన్ చేసింది.

"మామ్మకి ఏ కాలికమ్మా చిటికెనేలు లేదు?"

"కుడికాలికి. ఏటే, ఇప్పుడదెందుకు?"

"ఏటీ లేదు."

"గచ్చు కడిగితే ఆరీదాకా ఎవుల్నీ అడుగెట్టనిచ్చీది కాదు. నిన్నయితే బల్ల మీద కూకోబెట్టీది" అని అమ్మ నవ్వింది.

ఫోన్ పెట్టేసరికి పాదం చివరి వరసలో ఉంది. వెనకెక్కడో గుడ్డ పిండిన నీళ్ళు బకెట్లో పడ్డాయి.

ఝాన్సీ తిరిగి చూడలేదు. చిన్నప్పటిలాగే రెండు కాళ్ళూ కుర్చీ మీదికి తీసుకుని, నేల ఆరేదాకా కూర్చుంది.