పెట్రోలు తాళం

మెకానిక్ డర్ట్ బైకుని అతని బామ్మర్దే ఎత్తుకుపోవడం వీధంతా చూసింది. పొద్దున్నే మెకానిక్ షెడ్డు ముందు పళ్ళు తోముకుంటుండగానే వాడొచ్చి బండెక్కి, కిక్కు కొట్టి, ఊరిబయటి రోడ్డు పట్టాడు.

మెకానిక్ పరుగెత్తలేదు. తీరిగ్గా నోరు పుక్కిలించి నవ్వాడు.

ఆ నవ్వుకి కారణం షెడ్డుకొచ్చే ప్రతివాడికీ తెలుసు. టూ స్ట్రోక్ బండికి పెట్రోల్లోనే ఆయిల్ కలపాలి. ఈయన మాత్రం ట్యాంకులో ఉత్త పెట్రోలే ఉంచి, తను ఎక్కే ముందు ఆయిల్ కలుపుకుంటాడు. కలపని బండి సందుల్లో ఎలాగో తిరుగుతుంది. తిన్నని రోడ్డు మీద ఆపకుండా దౌడు తీయిస్తే మాత్రం పిస్టన్ పట్టేసి చతికిలబడుతుంది. పిస్టన్ పోతే కొత్తది వేసుకోవచ్చు, దొంగ మాత్రం దారిలోనే దొరుకుతాడు. అదే తన తాళమని అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పుకునేవాడు.

తాళాలంటే ఆయనకి మహా ముచ్చట. ఇల్లు షెడ్డు వెనకే. బయటికి దారి షెడ్డులోంచే. ఆ దారికి అడ్డంగా స్టూలేసుకుని పొద్దస్తమానం కూర్చుంటాడు. పెళ్ళాం గడప దాటాలంటే ఎక్కడికో, ఎందుకో, ఎవరితోనో చెప్పుకోవాలి. అన్నీ చెప్పినా చాలాసార్లు వెనక్కి తిరగాల్సిందే. అక్కని చూడ్డానికొచ్చిన పాపానికి ఆమధ్య ఈ బామ్మర్దిని కూడా మెడపట్టి గెంటాడు. ఆ కడుపుమంటతోనే వీడు బండి మీద పడ్డాడని లెక్కగట్టాడు.

“మీరే వెళ్ళండి,” అంది పెళ్ళాం తువ్వాలు అందిస్తూ. “ఇంకెవర్ని పంపినా వాడు మాటల్తో మాయ చేసి జారుకుంటాడు.”

ఇన్నాళ్ళకి దీని నోట ఓ తెలివైన మాట వచ్చిందనుకున్నాడు. రిపేరుకొచ్చిన ఎవరిదో స్కూటరు తీసుకుని, బండిని లాక్కురావడానికి తాడు భుజాన వేసుకుని, పెళ్ళికి వెళ్ళేవాడిలా బయల్దేరాడు.

అనుకున్నచోటే దొరికాడు. బండి పక్కన మైలురాయి మీద కూర్చుని కాళ్ళూపుకుంటున్నాడు.

“పట్టేసిందా పిస్టన్? మీ అక్క తమ్ముడివేగా, బుర్ర ఎక్కణ్ణుంచి వస్తుందిలే,” అన్నాడు మెకానిక్.

బామ్మర్ది లేచి ఒక్క కిక్కు కొట్టాడు. ఇంజను హాయిగా పలికింది.

“సందు చివర ఆగి ఆయిల్ కలుపుకున్నా, బావా.”

మెకానిక్ నవ్వు సగంలో ఆగిపోయింది. “మరి పారిపోకుండా ఇక్కడ కూర్చున్నావేంరా?”

“నీ కోసమే. నువ్వా స్టూలు మీంచి లేస్తే గానీ అక్క పెట్టె పట్టుకుని గడప దాటలేనంది.”